నాన్సెన్ పండితుని విద్యార్థిదశ

మా విద్యార్థుల తలిదండ్రులు ఏటేట మమ్ము అడుగు ప్రశ్న యొకటి గలదు. కుఱ్ఱవాడు మైదానమున గడపు గంటలు చదువునుండి దొంగిలింపబడిన గంటలు కావా యని వారి సందేహము. అందఱికిని వర్తించు సమాధానము మావద్ద లేదు. ఆటలలో మునిగి చెడినవారిని చూచితిమి. పుస్తకములలో మునిగి ఆరోగ్యము పోగొట్టుకొన్నవారిని గూడ చూచితిమి. కాని యీ రెంటిని విడదీయుటకు వీలులేని యొక విద్యార్థి చరిత్రము మాకు చాలకాలముగ ప్రియమైనది. ఆతడు నార్వే దేశీయుడగు ఫ్రిట్యోఫ్ నాన్సెన్. ధ్రువప్రాంతముల కేగిన సాహసికుడనియు, శాంతికై నోబెల్ బహుమానము నందినవాడనియు లోక మాతని నెఱుగును. మేమిచ్చట విస్తరించి వ్రాయబూనినది ఆ కీర్తికి ముందటి కథ; అనగా ఆతని యిరువదియవ యేటినుండి యిరువదియేడవ యేటివఱకు జరిగిన సంగతులు.

నాన్సెన్ 1861వ సంవత్సరము అక్టోబరు 10వ తేదీన క్రిస్టియానియా నగర సమీపమునందలి స్టోర్ ఫ్రోయెన్ అను గ్రామసీమలో జన్మించెను. ఆ నగరమునకే 1925లో ఓస్లో యను ప్రాచీన నామము మరల నీయబడినది. తండ్రి బాల్డుర్ న్యాయవాది. నియమనిష్ఠలు గలవాడు, దైవభక్తుడు, మితభాషి. తల్లి అడెలైడు ఉన్నత వంశజురాలు. స్త్రీలు స్కీలపై పోవుట మర్యాద కాదని పలువురు తలంచిన దినములలో ఆమె లోకులమాట లెక్కసేయక స్కీలు తొడిగి అడవులలో తిరుగుచుండెడిది. కుమారునకు తండ్రి శీలమును, తల్లి కాళ్ళును వచ్చెనని చెప్పిన సరిపోవును.

స్కీలనగా నేమో మన బాలురలో ననేకులకు తెలియదు. మంచు పడని దేశమున బుట్టిన మనకు వడగండ్లే మంచుగడ్డలు. నార్వేలో శీతకాలమున నేలపై మెత్తని మంచు నడుములోతున పేరుకొనును. తడియిసుకలో బండిచక్రము దిగబడునట్లు నడచువాని కాలు అందు దిగబడును. మనిషి నిలువునకు మించిన పొడవును, అరచేతి వెడల్పును గలిగి, ముందుకొన పైకి వంచబడిన రెండు కొయ్యపలకలను పాదములకు గట్టుకొనినచో దేహభారము వానిపై పఱచుకొని మనిషి దిగబడడు. మీదుమిక్కిలి, తాటిమట్టపై కూర్చుండి గట్టుమీదినుండి జాఱు పిల్లవానివలె పల్లమున రివ్వున జాఱిపోవును. ఆ దేశీయులీ మాటను షీ యని పలుకుదురు. మన పుస్తకములలో స్కీ యనియే వాడుక పడినది గావున మేమును అట్లే వ్రాయుచున్నాము.

నాన్సెన్ రెండేండ్ల వయసుననే యిట్టి పలకలపై నిలిచెనట. పదియవ యేట తలిదండ్రులు వలదన్నను వినక, హూసెబీ యను చోట పెద్దలు దుముకు ఎత్తునుండి తానును దుమికెను. స్కీలు మంచులో దిగబడి, పిల్లవాడు గాలిలో పల్టీ కొట్టి, నడుమువఱకు మంచులో తలక్రిందుగ గ్రుచ్చుకొనెను. బడిలో ఆతడు సామాన్య విద్యార్థి. 1877లో తల్లి ఆకస్మికముగ మరణించెను. తండ్రి యిల్లు విడిచి, ఇద్దఱు కుమారులతో నగరమున కాపురము పెట్టెను. 1881 ఆరంభమున నాన్సెన్ క్రిస్టియానియాలోని రాయల్ ఫ్రెడరిక్ విశ్వవిద్యాలయమున జేరి జంతుశాస్త్రమును ఎన్నుకొనెను. ఆరుబయట తిరుగుటకు ఆ శాస్త్రము వీలిచ్చునని యెన్నుకొంటినని తరువాత తానే చెప్పుకొనెను. ఇంతకంటె గొప్ప కారణములు చెప్పి చదువులో జేరి, ఇంతకంటె తక్కువ చదివినవారిని మనమెఱుగుదుము.

ఆచార్యుడు రాబర్ట్ కొల్లెట్టు యీ పొడవైన యువకుని స్వభావమును కనిపెట్టెను. ఉత్తర సముద్రములలోని జంతువులను కన్నులార చూచి రమ్మని సలహా చెప్పి, సీలు జంతువులను వేటాడు వైకింగు అను ఓడపై 1882 మార్చి 11వ తేదీన పంపెను. ఐదు నెలల యాత్ర యది. నాన్సెన్ నీటి నమూనాలను పరీక్షించి, సముద్రమున మంచుగడ్డ అడుగున గాక పైభాగముననే యేర్పడునని తెలిసికొనెను. వేటలోను ఆరితేరెను. జూలై నెలలో ఓడ గ్రీన్లాండు తూర్పు తీరమునకు దగ్గఱ మంచులో చిక్కుకొని కదలకుండెను. కొండలు కంటికెదుట కనబడుచుండెను. ఆ తీరభాగమున అడుగిడి చూచినవారు లేరు. దిగి పోవుదునని కోరినను వీలుపడలేదు. 17వ తేదీన ఓడ విడుదలయ్యెను. కాని చూచిన కొండల కావలివైపున నేమున్నదో యను తలంపు ఆతని మనసును విడువలేదు.

తిరిగివచ్చిన వెంటనే పశ్చిమ తీరమునందలి బెర్గెన్ మ్యూజియమున జంతుశాస్త్ర విభాగమున నుద్యోగము దొరకెను. విశ్వవిద్యాలయ తరగతులకు మరల పోలేదు. కాని ఆతని నిజమైన విద్యాభ్యాసము బెర్గెనులోనే జరిగెనని మా యభిప్రాయము. అచ్చట ఆతనికి లభించిన పెద్దలలో నొకరు డాక్టరు గెర్హార్డ్ ఆర్మౌవెర్ హాన్సెన్. కుష్ఠురోగమునకు కారణమగు సూక్ష్మజీవిని 1873లో కనిపెట్టిన మహనీయు డాయనయే. ఆ వ్యాధి వంశశాపమును గాదు, పూర్వకర్మఫలమును గాదు, ఒక సూక్ష్మజీవివలన గలుగు రోగమని తెలియుటకు మూలము బెర్గెనులో జరిగిన ఆ పరిశీలనము. డిచ్‌పల్లి మొదలగు చోట్ల మిషను వైద్యశాలలలో కుష్ఠురోగులకు సేవచేసినవారిని గూర్చి వినియున్న మన పాఠకులకు ఆ పేరు పరాయిది కాజాలదు.

అట్టివారి సన్నిధిని నాన్సెన్ సూక్ష్మదర్శిని ముందు కూర్చుండ నేర్చుకొనెను. వేటగాడు, స్కీవీరుడు, ఆరడుగుల దేహము గలవాడు, ఉదయమునుండి రాత్రివఱకు గాజుపలకపైని పురుగుల నరములను చూచుచు కూర్చుండుట సులభమా? ఆతడు ఎన్నుకొన్న విషయము సముద్రమునందలి అల్పజీవుల నాడీమండలము. నరముల కణములు ఒకదానితో నొకటి యతుకుకొని వలవలె నున్నవా, లేక వేర్వేఱుగ నున్నవా యనుట ఆ కాలపు పండితులను తికమక పెట్టిన ప్రశ్న.

అయినను శీతకాలము వచ్చినప్పుడు కాళ్ళు ఊరకుండెడివి కావు. 1884 ఆరంభమున రాజధానిలో జరుగు స్కీపందెమునకు పోదలచి, బెర్గెనునుండి వాస్ వఱకు రైలులోను, అటుపై కొండలమీదుగ స్కీలపైనను ఒక్కడే బయలుదేఱెను. వెంట ఒక కుక్క మాత్రముండెను. పందెమైన పిదప తిరుగుప్రయాణము గూడ అట్లే చేసెను. ఆ కొండలను నడుశీతకాలమున దాటుట పల్లెవారికే భయము. రాత్రి దారి కానరాక, కుక్కతో గూడ మంచునందే విశ్రమించి మరల సాగవలసివచ్చెను. తెలివి యున్నవాడు చేయు పని కాదని మేమును ఒప్పుకొందుము; విద్యార్థులకు దీనిని ఆదర్శముగ చూపము. కాని యా ప్రయాణమువలన ఆతని కొకటి తేటపడినది. కాలినడకను దాటరాని మంచుపీఠభూమిని స్కీలు నేర్చినవాడు దాటగలడు. అంతకు ముందటి యేడు స్వీడను దేశపు నోర్డెన్‌స్కియోల్డు గ్రీన్లాండు మంచుపైకి కొంతదూరము పోయి తిరిగి వచ్చెననియు, ఆయన వెంటనున్న సామీ జాతివారిద్దఱు స్కీలపై మఱింత లోపలికి పోయి వచ్చిరనియు పత్రికలలో వచ్చిన వార్తయు ఆతని చెవిని బడియుండెను.

1885లో తండ్రి గతించెను. ఆ సంవత్సర ప్రాంతముననే, మిజోస్టోమా యను చిన్న సముద్రజీవులను గూర్చి వ్రాసిన గ్రంథమునకు నాన్సెనునకు బంగారు పతకము బహుమానముగ వచ్చెను. ఇచ్చట నొక చిన్న విషయము. ఆతడా పతకమును బంగారముతో గాక రాగితో పోయించి యిమ్మని కోరి, రెండు లోహముల వెలలో గల భేదమును ధనముగ పుచ్చుకొనెను. పరదేశమున చదువుటకు ఆ సొమ్ము కావలసియుండెను. బీరువాలో మెఱయుటకు రాగి చాలును; ఇటలీకి పోవుటకు మాత్రము బంగారమే కావలెను!

1886 ఫిబ్రవరిలో విదేశయాత్రకు బయలుదేఱి, జర్మనీమీదుగ ఇటలీ చేరెను. పావియా నగరమున కమిల్లో గోల్జీ యను ఆచార్యుడుండెను. నరముల ముక్కలను వెండి లవణముతో తడిపి, లేతపసుపు వన్నె మీద ఒకానొక కణమును దాని కొమ్మలు రెమ్మలతో సహా నల్లగ కనబడునట్లు చేయు రహస్యమును 1873లో ఆయన కనిపెట్టెను. ఇతర దేశములవా రనేకులు దానిని అప్పటికి పట్టించుకొనియుండలేదు. నాన్సెన్ ఆయన ప్రయోగశాలకే పోయి, ఆ పద్ధతిని చేతితో నేర్చుకొనెను. పిదప నేపిల్సునకు పోయెను. అచ్చట ఆంటన్ డోర్న్ సముద్రపుటొడ్డున స్థాపించిన జీవశాస్త్ర కేంద్రము గలదు. ఆ కాలమున ఏ దేశపు విశ్వవిద్యాలయమైనను అద్దె చెల్లించి తన పండితునికి ఒక పనిబల్లను సంపాదింపగలిగెడిది. ప్రతి ఉదయము పడవలు తెచ్చు జీవులు ఆ బల్లమీదికే వచ్చెడివి. జాతి భేదము లేక అన్ని దేశములవారును ఒక్క కప్పుక్రింద పనిచేయుట చూచి ఆతడు ముగ్ధుడయ్యెను. తన దేశమునను అట్టిది వెలయవలెనని యింటికి వచ్చి వాదించెను.

విదేశమున చదివివచ్చువారిలో రెండు తెగలు గలవు. గురువు చెప్పినదెల్ల మోసికొని వచ్చువారు కొందఱు. గురువు పనిముట్టును మాత్రము తెచ్చుకొని తమ కన్నులతో చూచువారు కొందఱు. నాన్సెన్ రెండవ తెగవాడు. నాడీమండలమంతయు ఒకే వలయని గోల్జీ నమ్మకము. ఆయన యిచ్చిన వెండిపద్ధతితోనే చూచిన నాన్సెనునకు కణములు ఒకదానితో నొకటి యతుకుకొనినట్లు కనబడలేదు. కనబడలేదనియే వ్రాసెను. ఆ గ్రంథము 1887లో అచ్చుపడెను. హిస్, ఫొరెల్ అను పండితులును ఆ దినములలోనే అట్టి నిర్ణయమునకే వచ్చిరి. కొలదికాలమునకు స్పెయిన్ దేశీయుడగు రామోన్ యి కహాల్ ఆ సత్యమును సుస్థిరముగ నిరూపించెను. 1906లో గోల్జీకిని కహాలునకును ఒకే నోబెల్ బహుమానమును పంచియిచ్చుట జరిగెను; అప్పటికిని గోల్జీ తన వలను విడువలేదు!

ఇటలీనుండి వచ్చినది మొదలు నాన్సెన్ రెండు పనులను ఒకేసారి నడపెను. పగలు నరములు, రాత్రి గ్రీన్లాండు పటము. ఆతని పథకము చూచి పెద్దలు నిర్ఘాంతపోయిరి. అంతకుముందు పోయినవారందఱు జనులుండు పశ్చిమ తీరమునుండి బయలుదేఱి, కష్టము వచ్చినప్పుడు వెనుదిరిగిరి. నాన్సెన్ నిర్జనమగు తూర్పు తీరమున దిగి పడమరకు పోవుదుననెను. వెనుక నోడ యుండదు, ఇల్లుండదు, తిండి యుండదు. కావున వెనుకకు తిరుగవలెనను కోరిక కలుగదని ఆతని వాదము. ప్రభుత్వము ధనసహాయమునకు నిరాకరించెను. తుదకు కోపెన్‌హేగన్ నగర వర్తకుడగు అగస్టిన్ గామెల్ 5000 క్రోనుల నిచ్చెను. బెర్గెను పత్రిక యొకటి పరిహాసముగ ప్రకటన వేసెను: మ్యూజియపు నాన్సెన్ గ్రీన్లాండు మంచుపై స్కీ ప్రదర్శన మిచ్చుననియు, చూచువారికి మంచు పగుళ్ళలో మంచి ఆసనములు గలవనియు, రానుపోను టిక్కెట్టు కొననక్కఱలేదనియు దాని భావము.

ఇతరుల ప్రాణములను ఇట్లు పణముగ పెట్టవచ్చునా యని మేము పలుమాఱు ఆలోచించితిమి. వెంట పోయినవారైదుగురు: ఓడనడప నేర్చిన ఓటో స్వెర్‌డ్రుప్, సైనికోద్యోగి డిట్రిక్సన్, పల్లెటూరివాడగు క్రిస్టియన్సెన్, సామీ జాతివారగు బాల్టో, రావ్నా. రావ్నా నలువది దాటినవాడు, భార్యాబిడ్డలు గలవాడు. ఎట్టిచోటికి పోవుచున్నారో ఆ సామీలిద్దఱికి ముందు బాగుగ తెలియదు. ఈ విషయమున నాన్సెనును పూర్తిగ సమర్థించుట మా వలన కాదు.

1888 ఏప్రిల్ 28వ తేదీన నాన్సెన్ డాక్టరు పట్టమునకై తన గ్రంథమును విశ్వవిద్యాలయ పండితులయెదుట సమర్థించెను. తీర్పు వచ్చువఱకు వేచియుండక నాలుగు దినములలో బయలుదేఱెను. జూలై 17వ తేదీన వేటయోడనుండి రెండు పడవలలో ఆర్గురును దిగిరి. తీర మిరువది కిలోమీటర్ల దూరము మాత్రమే. కాని మంచుగడ్డల నడుమ ఒక పడవ చిల్లిపడెను. దానిని బాగుచేయుచుండగా సముద్రప్రవాహము వారిని దక్షిణమునకు కొట్టుకొనిపోయెను. ఒక మంచుతెప్పపై గుడారము వేసికొని, తీరమును కన్నులతో చూచుచు, చేరలేక దినములు గడపిరి.

ఒకనాటి సాయంకాలమునకు తెప్ప బహిరంగ సముద్రపుటలలవైపు పోవుచున్నదని తెలిసెను. అలలలో బడిన తెప్ప ముక్కలగును. సామీలిద్దఱు పడవలో దూఱి, పైన గుడ్డ కప్పుకొనిరి. బాల్టో తమ భాషలోని క్రొత్తనిబంధన గ్రంథమును తీసి మెల్లగ చదువుచుండగా రావ్నా వినుచుండెను. తక్కినవారు గుడారమున పరుండిరి. స్వెర్‌డ్రుప్ కావలికాయుచుండెను. తెప్ప అంచు వఱకు అలలు వచ్చి కడుగుచుండెను. లోనివారిని లేపదలచి స్వెర్‌డ్రుప్ గుడారపు కొక్కెము నొకదానిని ఊడదీసెను. ఇంక కొంచెము చూతమని ఆగెను. మరల వచ్చి ఇంకొక కొక్కెమును ఊడదీసెను, మరల ఆగెను. అంతలో తెప్ప తనంతట తాను మళ్ళి తీరమువైపు పోసాగెను. తెల్లవాఱి లేచినవారికి అలల ధ్వని దూరమున వినబడెను.

జూలై 29వ తేదీన వారు నేలపై కాలిడిరి. అనుకొన్న చోటికి 380 కిలోమీటర్లు దక్షిణమున! మరల పడవలు నడపుకొని ఉత్తరమునకు సుమారు 200 కిలోమీటర్లు పోయి, ఆగస్టు 15వ తేదీన ఉమివిక్ అనుచోట మంచు కొండ నెక్కసాగిరి. కాలము మించిపోవుటచే దారి మార్చి, 150 కిలోమీటర్లు తక్కువ యగు గొడ్తాబ్ వైపు తిరిగిరి. ఆ యూరి నేటి పేరు నూక్. మొదట పగుళ్ళు, వాన, ఏటవాలు. బండ్లను తామే లాగవలెను. పైకి పోయిన పిదప మంచు మెత్తనై స్కీలు పనికివచ్చెను. సెప్టెంబరు 11వ తేదీన 2719 మీటర్ల యెత్తు చేరిరి. రాత్రులు చలి సున్నకు క్రింద 45 సెంటిగ్రేడు డిగ్రీలవఱకు పోయెను. తెచ్చిన ఎండుమాంసపు ముద్దలలో క్రొవ్వు తీసివేయబడియుండుటచే ఎంత తిన్నను ఆకలి తీరలేదు. వెన్నకై అందఱును పరితపించిరి. పడమటి పల్లము చేరగానే బండ్లను జతచేసి, గుడ్డతో తెరచాపలెత్తి, గాలి యీడ్చుచుండ స్కీలపై పరుగులు పెట్టిరి.

సెప్టెంబరు 26వ తేదీన సముద్రపుపాయ కనబడెను. ఊరికి పోవ పడవ లేదు. నాన్సెన్, స్వెర్‌డ్రుప్ ఇద్దఱును విల్లో కొమ్మలను వంచి, గుడారపు గుడ్డను కప్పి, పడవ యను పేరు గలదానిని చేసికొని బయలుదేఱిరి. అక్టోబరు 3వ తేదీన గొడ్తాబ్ చేరిరి. మంచును దాటుటకు నలువదితొమ్మిది దినములు పట్టెను. ఒడ్డున ఎదురువచ్చిన డేనిష్ ఉద్యోగి ఆతని పేరు విన్నంతనే, డాక్టరు పట్టము వచ్చినందులకు అభినందించెను! ఓడల మూలమున ఆ వార్త ఆతనికంటె ముందే అచ్చటికి చేరియుండెను. మాసిన గడ్డముతో, చినిగిన బట్టలతో, ఆకలితో నిలిచినవానికి ఆ క్షణమున అంతకంటె దూరమైన విషయము మఱొకటి లేదట.

ఆ యేటి కడపటి ఓడ తప్పిపోయెను. ఆర్గురును శీతకాలమంతయు అచ్చటనే యుండవలసివచ్చెను. నాన్సెన్ మరల విద్యార్థియయ్యెను. అప్పట్లో ఎస్కిమోలని పిలువబడిన ఆ దేశపు ఇన్యూయిట్ ప్రజల గుడిసెలలో నివసించి, వారి భాష, వేట, తోలుపడవ నడపు నేర్పు అభ్యసించెను. పావియాలో గోల్జీయెదుట ఎట్టి వినయముతో నిలిచెనో ఇచ్చటి బెస్తలయెదుటను అట్టి వినయముతోనే నిలిచెను. మాకు ఆతనియందు మిక్కిలి నచ్చిన గుణమిదియే. వారినిగూర్చి 1891లో ప్రకటించిన గ్రంథమున, ఐరోపావారి రాకచే వారికి కలిగిన కీడును గూడ దాచక వ్రాసెను. మిషనరీలకును ఆ విమర్శ తగులును, చదువదగిన విమర్శయే.

1889 మే 30వ తేదీన క్రిస్టియానియా రేవున వేలకొలది జనులు ఆర్గురికి స్వాగతమిచ్చిరి. ఆ శరదృతువుననే, మైకేల్ సార్స్ అను జంతుశాస్త్రజ్ఞుని కుమార్తెయగు ఎవాను నాన్సెన్ వివాహమాడెను. ఆమెయు నేర్పుగల స్కీగత్తె. 1890లో వచ్చిన గ్రీన్లాండు యాత్రాగ్రంథమును చదివి జర్మనీ, ఆల్ప్సు ప్రాంతముల యువకులు స్కీలు కొనసాగిరి. నాడీకణముల పని మాత్రము అంతటితో ఆగిపోయెను. దానిని విడిచినందువలన శాస్త్రమునకు నష్టము కలిగెనని చెప్పు పండితులు గలరు. వారి మాట త్రోసివేయరానిది.

తరువాతి చరిత్రము ప్రసిద్ధము. ఫ్రామ్ అను ఓడను మంచులో బిగించి ధ్రువమువైపు సాగి, 1895లో యోహాన్సెన్ అను ఒక్క సహచరునితో స్కీలపై 86 డిగ్రీల 14 నిమిషముల ఉత్తర అక్షాంశమువఱకు పోయెను. మొదటి మహాయుద్ధానంతరము నానాజాతి సమితి పక్షమున నాలుగు లక్షలకు పైగా యుద్ధఖైదీలను వారివారి యిండ్లకు చేర్చెను. 1921లో రష్యాలో కఱవు వచ్చినప్పుడు ఆకలిగొన్నవారికై దేశదేశముల యాచించెను. దేశము పోగొట్టుకొన్నవారికి ఆయన పేరున 1922లో నేర్పడిన ప్రయాణపత్రమును ఏబదికి పైగా ప్రభుత్వములు అంగీకరించెను. ఆ యేటి శాంతి బహుమానపు ధనమును ఆర్తులకే యిచ్చివేసెను. ఆయన క్రైస్తవసంఘమున సభ్యుడుగ నుండలేదు, సంఘసిద్ధాంతములను అంగీకరింపలేదు. మన పత్రికలో వ్రాయుచున్నామని ఆ సంగతిని కప్పిపుచ్చుట న్యాయము కాదు. ఆకలిగొన్నవారికి అన్నము పెట్టినవాడనుటయు అంతే నిజము.

1930 మే 13వ తేదీన లైసాకెరునందలి తన యింట, పోల్‌హోగ్డాలో, ఆయన గుండె ఆగి మరణించెను. నార్వే రాజ్యాంగదినమగు మే 17న అంత్యక్రియలు ప్రభుత్వ లాంఛనములతో జరిగెను. చితాభస్మమును ఆ యింటి తోటలోనే యొక చెట్టు క్రింద నుంచిరి.